ఎరువు కలిసిన నీరు: కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో సేద్యము – జలరక్షణ

శ్రీరాంసాగరమును దాటిన గోదావరికి కుడి ఒడ్డున కరీంనగర్ జిల్లా, ఎడమ ఒడ్డున ఆదిలాబాదు జిల్లా కలవు. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనలో ఈ రెండును చీలి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు అను క్రొత్త పేర్లు వెలసినవి. అయినను నీరు జిల్లా సరిహద్దులను చూచి పారదు గనుక ఈ వ్యాసములో మేము పాత పేర్లనే వాడుచున్నాము. ఉత్తరమున ఆదిలాబాదు గుట్టలలో పుట్టిన కడెం వాగు, దక్షిణమున సిరిసిల్ల మీదుగా వచ్చు మానేరు, పేరైనను లేని వందలాది ఒర్రెలు తుదకు చేరునది ఒకే నదిని. అనగా ఈ రెండు జిల్లాలలో ఏ చేనిపై కురిసిన వాన యైనను, ఇంకినంత ఇంకి, ఆవిరియైనంత ఆవిరియై, మిగిలినది ఏదో ఒక దారిన గోదావరిలో పడవలసినదే. ఆ నీటితో బాటు చేనిలోనిది మరేమి పోవుచున్నది అనునదే ఈ వ్యాసమునకు విషయము.

జలకాలుష్యము అనగానే మన కండ్లయెదుట ఫ్యాక్టరీ గొట్టములు, పట్టణపు మురుగు కాలువలు మెదలును. పచ్చని పొలము మెదలదు. పొలమును చూచి కాలుష్యమని ఎవరందురు? కాని నీటిని చెడగొట్టు పదార్థములన్నియు విషములే కానక్కరలేదు. మొక్కకు అన్నము వంటివైన నత్రజని, భాస్వరములే, ఉండవలసిన చోట ఉండక బావిలోనికిని చెరువులోనికిని చేరినప్పుడు, అక్కడ కీడు చేయును. పల్లెలలో ఎరువును 'మందు' అనియే వ్యవహరింతురు. ఆ మాట మాకు మిక్కిలి సరియైనదిగా తోచినది. మందునకు మోతాదు కలదు, వేళ కలదు. ఆ రెండును తప్పిన మందు ఏమగునో చెప్పనక్కరలేదు.

యూరియా బస్తా చరిత్ర

గాలిలో దాదాపు 78 వంతులు నత్రజనియే ఉన్నను మొక్క దానిని నేరుగా గ్రహింపలేదు. చిక్కుడు, పెసర, కంది మొదలగు కాయధాన్యపు జాతుల వేళ్ళలోని సూక్ష్మజీవులు ఆ పనిని యుగములుగా చేయుచుండెను. 1909లో జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమోనియాను తయారుచేయు పద్ధతిని ప్రయోగశాలలో నిరూపించెను. కార్ల్ బాష్ దానిని 1913 నాటికి కర్మాగారపు స్థాయికి తెచ్చెను. నేడు లోకములోని కోట్లాది జనుల అన్నము ఆ పద్ధతిపై ఆధారపడి యున్నది. దానిని నిందించువారు ముందుగా తమ కంచములోనికి చూచుకొనవలెను.

ఆ చరిత్రలో మన ప్రాంతమునకును భాగము కలదు. గోదావరి ఒడ్డున రామగుండములో భారత ఎరువుల సంస్థ బొగ్గు ఆధారముగా నిర్మించిన యూరియా కర్మాగారము 1980లో ఉత్పత్తి ప్రారంభించి, 1999లో మూతపడినది. అదే స్థలమున సహజవాయువుతో నడచు క్రొత్త కర్మాగారము 2021 మార్చిలో ఉత్పత్తికి వచ్చినది. దాని సామర్థ్యము సంవత్సరమునకు 12.7 లక్షల టన్నులు. నది ఒడ్డున తయారైన నత్రజని లారీలలో పల్లెలకు పోయి, అందులో కొంత వానతో కలిసి మరల అదే నదికి తిరిగివచ్చుచున్నది.

ఎంత తిరిగివచ్చుచున్నది? 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని నూటికి 46 వంతులు, అనగా 20 కిలోల 700 గ్రాములు. వరి పొలములో చల్లిన నత్రజనిలో పైరునకు చేరునది సాధారణముగా సగమునకు లోపే. మిగిలినది కొంత అమోనియాగా గాలిలోనికి ఎగిరిపోవును, కొంత సూక్ష్మజీవుల వలన నత్రజని వాయువుగా మారును, కొంత నేలలో నిలుచును, కొంత నీటితో పోవును. విద్యార్థి మిత్రులు ఇచ్చట ఒక చిన్న లెక్క వేసికొనవచ్చును. బస్తాలోని నత్రజనిలో పదవ వంతు మాత్రమే నైట్రేటుగా మారి బావినీటిలో కలిసినదని అనుకొందము. పదవ వంతు అనగా సుమారు 2 కిలోలు. ఒక కిలో నత్రజని నుండి 4.43 కిలోల నైట్రేటు ఏర్పడును గనుక 9 కిలోలకు కొంచెము పైగా నైట్రేటు అగును. త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణముల సంస్థ నిర్ణయించినది. కాబట్టి ఆ ఒక్క బస్తా నుండి జారిన పదవ వంతు, స్వచ్ఛమైన నీరు రెండు లక్షల లీటర్లను హద్దు అంచునకు తెచ్చుటకు చాలును.

బావిలోని నైట్రేటు

నైట్రేటునకు రంగు లేదు, వాసన లేదు, చెప్పుకోదగిన రుచి లేదు. మట్టి రేణువులు ఋణ విద్యుదావేశము గలవి, నైట్రేటు అయానును ఋణావేశము గలదే. అందువలన నేల దానిని పట్టి ఉంచలేదు. వాననీరు ఎంత లోతునకు పోయిన నదియు అంత లోతునకు పోవును.

ఆ నీటిని త్రాగిన పెద్దలకు వెంటనే కనబడు హాని యుండదు. ఆరు నెలల లోపు పసిపాపల సంగతి వేరు. వారి కడుపులో నైట్రేటు నైట్రైటుగా మారి, రక్తములోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువును మోయలేని రూపమునకు మార్చును. బిడ్డ పెదవులు, గోళ్ళు నీలివర్ణము పొందును. 1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రపు వైద్యుడు హంటర్ కామ్లీ ఈ వ్యాధికిని బావినీటిలోని నైట్రేటునకును గల సంబంధమును మొదట వెల్లడించెను. తల్లిపాలు త్రాగు బిడ్డకు ఈ భయము లేదనియే చెప్పవచ్చును. డబ్బాపాలను బావినీటిలో కలిపి పట్టునప్పుడే ప్రమాదము. మన ఇండ్లలో నీటిపై అనుమానము కలిగిన మరుగబెట్టుట అలవాటు. మరుగబెట్టిన సూక్ష్మక్రిములు చచ్చును గాని నైట్రేటు పోదు. నీరు ఆవిరియై తగ్గిన కొలది అది మరింత చిక్కనగును. ఈ ఒక్క వాక్యమును మన విద్యార్థినులు తమ ఊళ్ళలో చెప్పగలిగినచో ఈ వ్యాసము వ్రాసిన శ్రమకు ఫలము దక్కినట్లే.

ఇది దూరదేశపు సంగతి కాదు. కేంద్ర భూగర్భజల మండలి తన 2024 వార్షిక నాణ్యతా నివేదికలో, దేశమంతట 15 వేలకు పైగా స్థలములలో పరీక్షించిన నీటిలో దాదాపు అయిదవ వంతు నమూనాలయందు నైట్రేటు హద్దు మించినదని తెలిపినది. తెలంగాణలో అట్టివి నూటికి 27కు పైగా నున్నవి. నైట్రేటు సమస్య మిక్కిలి తీవ్రముగా నున్న 15 జిల్లాల పేర్లను ఆ నివేదిక విడిగా పేర్కొన్నది. అందులో తెలంగాణ జిల్లాలు మూడు: రంగారెడ్డి, సిద్దిపేట, ఆదిలాబాదు. సిద్దిపేటలో పాత కరీంనగర్ జిల్లా భాగము కొంత కలదని పాఠకులకు తెలిసినదే.

ఆదిలాబాదు పేరు చూచి మేము ఆశ్చర్యపోయితిమి. అడవుల జిల్లాగా, గోండుల జిల్లాగా, మహానగరములు లేని జిల్లాగా మనమెరిగిన ఆదిలాబాదు ఆ పట్టికలోనికి ఎట్లు ఎక్కినది? పట్టికలోని తక్కిన పేర్లను చూచినప్పుడు కొంత బోధపడినది. మహారాష్ట్రలోని యవత్‌మాల్, నాందేడ్ జిల్లాలును అందులో నున్నవి. ఈ రెండును ఆదిలాబాదునకు పొరుగు జిల్లాలు. యవత్‌మాల్ పెన్‌గంగకు ఆవలి ఒడ్డు. మూడును నల్లరేగడి నేలలు, మూడును పత్తి చేలు.

నల్లరేగడి ఎండాకాలములో నెఱ్ఱెలు విచ్చును. తొలకరి వాన ఆ నెఱ్ఱెలలో పడి, పైమట్టిని తడుపకయే నేరుగా లోతునకు దిగును. క్రింద నున్నది పగుళ్ళు గల నల్లరాయి. పత్తికి యూరియా వేయు కాలము జూలై, ఆగస్టు నెలలు. ఆదిలాబాదులో కుండపోత వానలు కురియు కాలమును అదియే. ఎరువును వానయు ఒకే వారములో పడినప్పుడు, వేళ్ళు ఇంకను జానెడు లోతునకైనను పోని మొక్క ఎంత త్రాగగలదు? వర్షాకాలము ముగిసిన తరువాత నైట్రేటు హద్దు మించిన నమూనాలు పెరుగుచున్నవని అదే నివేదిక చెప్పుట దీనికి అనుకూలముగానే యున్నది.

అయితే సత్యమును సగమే చెప్పుట శాస్త్రధర్మము కాదు. బావిలోని నైట్రేటు అంతయు యూరియాది కాదు. పశువుల కొట్టములు, బావి ప్రక్కనే పోసిన పెంటదిబ్బలు, క్రింద కట్టుదిట్టము లేని మరుగుదొడ్ల గుంతలు కూడ నైట్రేటును ఇచ్చును. ఆదిలాబాదు పల్లెలలో పశుసంపద అధికము. పెంటను మేము నిందించుట లేదు, అది బంగారము వంటి ఎరువు. కాని బావికి ఎగువ వాలున, ఎండకు వానకు విడిచిన దిబ్బ నుండి ఆ బంగారము కారి బావిలోనికే పోవును. దిబ్బను బావికి దిగువన, దూరముగా, అడుగున బంకమట్టి మెత్తిన గుంతలో వేసి పైన మట్టి కప్పినచో ఎరువు ఎరువుగా మిగులును, నీరు నీరుగా మిగులును.

భాస్వరము – మట్టితో చేయు ప్రయాణము

భాస్వరపు నడక నత్రజని నడకకు భిన్నమైనది. అది నీటిలో కరగి లోతునకు దిగదు, మట్టి రేణువును గట్టిగా పట్టుకొని యుండును. మట్టి కదలినప్పుడు తానును కదలును. కావున వాలు నేలలో వాన తరువాత వాగులో పారు ఎఱ్ఱని నీటిని చూచినప్పుడు, రైతు డబ్బు పెట్టి కొన్న డి.ఎ.పి.లో కొంత భాగము అందులో పోవుచున్నదని గ్రహింపవలెను.

చెరువులో చేరిన భాస్వరము ఏమి చేయునో తేటగా చూపిన ప్రయోగము ఒకటి కలదు. 1973లో కెనడా దేశములో డేవిడ్ షిండ్లర్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి నడుము సన్నని ఆకారము గల ఒక చిన్న సరస్సును ఎన్నుకొనెను. దానికి 226 అను సంఖ్యయే పేరు. నడుము వద్ద ప్లాస్టిక్ తెర కట్టి సరస్సును రెండు భాగములు చేసిరి. ఒక భాగములో కర్బనము, నత్రజని కలిపిరి. రెండవ భాగములో ఆ రెంటితో బాటు భాస్వరమును కలిపిరి. మొదటి భాగము తేటగానే నిలిచినది. రెండవది కొన్ని వారములలోనే నాచుతో పచ్చబడినది. పైనుండి తీసిన ఛాయాచిత్రములో తెరకు ఒక వైపు నీలము, ఒక వైపు ఆకుపచ్చ. భాస్వరమును అదుపు చేయవలెనని వాదించుటకు అంతకన్న మంచి సాక్ష్యము అవసరము లేకపోయినది.

ఒక కిలో భాస్వరము అయిదు వందల కిలోల వరకు పచ్చి నాచును పెంచగలదని శాస్త్రజ్ఞుల అంచనా. నాచు పెరుగుట వరకే అయినచో అది చేపలకు మేత యగును. కాని హద్దు మించి పెరిగిన నాచు చచ్చి అడుగునకు చేరి కుళ్ళునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోవును. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుట మనలో చెరువు ఊళ్ళవారు చూచియే యుందురు. దీనిని శాస్త్రపరిభాషలో యూట్రొఫికేషన్ అందురు, తెలుగులో పోషకాధిక్యము అనవచ్చును. కొన్ని జాతుల నీలి ఆకుపచ్చ నాచులు విషమును కూడ విడుచును. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరమునకు ఈరీ సరస్సు నుండి వచ్చు నీటిలో ఆ విషము కనబడి, నాలుగు లక్షలకు పైగా జనులు మూడు దినములు కుళాయినీరు ముట్టవలదని ఆజ్ఞాపింపబడిరి. ఆ సరస్సులోని నాచును పెంచి పోషించినది ముఖ్యముగా చుట్టునున్న పొలముల నుండి వచ్చిన భాస్వరమే. నీరు లేక కాదు, నీరు ఎదుటనే ఉండి త్రాగరాకపోవుట వారి కష్టము.

మన జలాశయములు అట్టి స్థితికి వచ్చినవని మేము చెప్పుట లేదు. కాని వాని బాధ్యత పెరిగినదని మాత్రము చెప్పవలెను. 1963 జూలై 26న పండిత నెహ్రూ పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసినప్పుడు శ్రీరాంసాగరము ప్రధానముగా సేద్యపు నీటి కొరకు. నేడు మిషన్ భగీరథ పథకము వలన జలాశయముల నీరే శుద్ధియై పల్లెల కుళాయిలకు పోవుచున్నది. దిగువ మానేరు నీరు కరీంనగర్ పట్టణము త్రాగుచున్నది. ఎల్లంపల్లి జలాశయపు నీరు హైదరాబాదు వరకు పోవుచున్నది. పూర్వము పొలము నుండి జారినది పొలములకే పోయెడిది, నేడది కుండలోనికి వచ్చుచున్నది. శ్రీరాంసాగరము మొదటి నిల్వ సామర్థ్యము 112 టి.ఎం.సి.లు కాగా, 1994 నాటి సర్వేలో అది సుమారు 90కి తగ్గినట్లు తేలినది. ఆ తగ్గిన చోటనెల్ల నిండినది పైనున్న మహారాష్ట్ర చేల నుండియు మన చేల నుండియు వచ్చిన మట్టియే. మట్టితో బాటు భాస్వరమును.

చెరువు చేసిన మేలు

ఈ సమస్యకు మన పెద్దలు శాస్త్రము పేరు ఎత్తకయే ఒక ఉపాయమును ఆచరించిరి. అదియే చెరువు మట్టి.

గొలుసుకట్టు చెరువులు గల ఈ ప్రాంతములో వాననీరు నేరుగా నదికి పోదు. ఎగువ చెరువు నిండి మత్తడి దుమికి దిగువ చెరువునకు, అక్కడినుండి ఇంకొక చెరువునకు పోవును. ప్రతి చెరువులోను నీరు కొంతకాలము నిలుచును, నిలిచినప్పుడు మట్టి అడుగునకు దిగును. ఈ విధముగా చేను విడిచిన సారము నదికి చేరకమునుపే ఊరి చెరువులో నిలిచిపోవును. వేసవిలో చెరువు ఎండినప్పుడు రైతులు బండ్లు కట్టి ఆ మెత్తని నల్లమట్టిని ఎఱ్ఱ చెల్కలకు తోలుకొనెడివారు. వాన తీసికొనిపోయిన దానిని బండి తిరిగి తెచ్చినది. చెల్కకు సారము, తేమను నిలుపు శక్తి వచ్చెను. చెరువునకు లోతు వచ్చెను. దిగువ వాగునకు తేట నీరు దక్కెను.

ఇచ్చట ఒక భాషావిశేషమును చెప్పక ముందునకు సాగలేము. చెరువులో నీరు నిలుచు భూమిని మన ఊళ్ళలో 'శిఖం' అందురు. శిఖరముతో దీనికి సంబంధము లేదు. ఇది పారసీకము నుండి ఉర్దూ ద్వారా రెవెన్యూ లెక్కలలోనికి వచ్చిన 'శికం', అనగా కడుపు. చెరువు కడుపు! నిజాము కాలపు లెక్కలలో మాగాణి 'తరి', మెట్ట 'ఖుష్కి'. వానాకాలపు వరి 'ఆబి', ఎండాకాలపు వరి 'తాబి'. ఆబ్ అనగా నీరు, తాబ్ అనగా వేడిమి. ఖరీఫ్ అనగా అరబ్బీలో శరత్తు, రబీ అనగా వసంతము. దున్నినవాడు తెలుగులో దున్నెను, లెక్క వ్రాసినవాడు ఉర్దూలో వ్రాసెను, ఇద్దరును చూచినది ఒకే నీటిని. మన కళాశాల వంటి రెండు భాషల విద్యాలయములో ఈ మాటలు వారసత్వముగా మిగులుట సంతోషదాయకము.

గొట్టపుబావులును యూరియాయు విరివిగా వచ్చిన పిదప చెరువు మట్టిని తోలు వాడుక సన్నగిల్లినది. బండెడు మట్టితో వచ్చు సారము ఒక బస్తాలో చులకనగా వచ్చుచుండగా ఎవరు తోలుదురు? చెరువులు పూడినవి. పూడిన చెరువులలో సారము బయటకు పోవు దారిలేక గుర్రపుడెక్కగా, తూటికాడగా మొలచినది. చెరువు కడుపు నిండి అజీర్తి చేసినదని చెప్పవచ్చును.

2015 మార్చిలో ప్రారంభమైన మిషన్ కాకతీయలో తెలంగాణములోని 46 వేలకు పైగా చెరువులను దశలవారీగా బాగుచేయ సంకల్పించిరి. అందులో మేము ముఖ్యముగా గమనింపదగినది ఒకటి కలదు. పూడికను త్రవ్వు ఖర్చు ప్రభుత్వము భరించినది, పొలమునకు తోలుకొను ఖర్చు రైతులు తాము భరించిరి. తమ డబ్బుతో ట్రాక్టర్లు పెట్టుకొని మట్టిని తోలుకొనిన రైతుకు దాని విలువ తెలియదని ఎవరనగలరు? పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు చెరువు మట్టిని పరీక్షించి, అందు నత్రజని, భాస్వరము, పొటాషియము, సేంద్రియ కర్బనము గలవనియు, అది వేసిన పొలములలో ఎరువుల ఖర్చు తగ్గించుకొనవచ్చుననియు తెలిపిరి. నీటిపారుదల పనిగా అందరు చూచిన ఈ పని నీటి శుద్ధికి సంబంధించినది కూడ. చెరువు నుండి తీసిన ప్రతి ట్రాక్టరు మట్టితో అక్కడ నాచును పెంచవలసిన భాస్వరము బయటకు వచ్చినది.

దీనికి హద్దులును కలవు. మరీ లోతుగా త్రవ్వినచో చెరువు అడుగున నీటిని నిలుపు బంకపొర తెగిపోవును. పట్టణపు మురుగు చేరిన చెరువు మట్టిని పరీక్షింపక పొలమునకు తోలరాదు, అందు లోహములుండు ప్రమాదము కలదు. పూడిక తీయుట ఒక సంవత్సరపు ఉత్సవము కారాదు. వాన ప్రతి సంవత్సరము మట్టిని తెచ్చుచునే యుండును గదా.

పొలములోనే ఆపుట

చెరువు రెండవ కాపరి. మొదటి కాపరి పొలము గట్టే.

కాకతీయ కాలువ క్రింద కరీంనగర్ ఆయకట్టులో నీరు మడి నుండి మడికి పారును. నీరు నిండుగా నున్న మడిలో చల్లిన యూరియా క్రింది మడికి, అక్కడినుండి మురుగు కాలువకు పోవును. పై రైతు చల్లిన యూరియా క్రింది రైతు పైరునకు పచ్చదనము తెచ్చుట వేళాకోళముగా చెప్పుకొను మాట. కాని చివరి మడి తరువాత రైతు లేడు, వాగు కలదు. మడిలోని నీటిని తీసివేసి, బురద పదనులో యూరియా చల్లి, ఒకటి రెండు దినములు ఆగి నీరు పెట్టవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చిరకాలముగా చెప్పుచున్నారు. అప్పుడు నత్రజని అమోనియం రూపములో బురదను పట్టుకొనును. ఒక్కసారిగా గాక నాటునప్పుడు, దుబ్బు చేయునప్పుడు, అంకురము ఏర్పడునప్పుడు మూడు భాగములుగా వేయవలెను. వేపపిండితో కలిపి వేసిన మెల్లగా విడుదల యగును. 2015 నుండి దేశములో తయారగు యూరియాకంతకును వేపనూనె పూత తప్పనిసరి చేసిరి. ఆలోచన కర్మాగారమునకు పోయినది గాని పుట్టినది పొలములోనే.

ఆదిలాబాదు పత్తికి వేరు ఉపాయము కావలెను. మొక్క ప్రక్కన చిన్న గుంత తీసి ఎరువు వేసి మట్టి కప్పుట, 20 దినముల కొకసారిగా నాలుగు మారులు వేయుట, వానమబ్బు కమ్మియున్న దినమున బస్తా విప్పకుండుట. సాళ్ళు వాలునకు అడ్డముగా నుండవలెను. పత్తిలో కంది వేయు పాత అలవాటును విడువరాదు. కంది వేరు లోతుగా పోయి, పత్తి వేరునకు అందక జారిపోయిన నైట్రేటును కొంత పైకి తెచ్చును, తాను స్వయముగా గాలిలోని నత్రజనిని నేలకిచ్చును. సోయాచిక్కుడు తరువాత వేయు పైరునకు యూరియా కొంత తగ్గింపవచ్చునని తెలిసినను తగ్గించువారు కొద్దిమందియే. ఇక వాగు అంచు. పూర్వము వాగు ఒడ్డున ఈత, కానుగ, మోదుగ చెట్లును గడ్డియు ఒక పట్టీగా నుండెడివి. ఆ పట్టీ మట్టిని ఆపెడిది. నేడు నాగలి, అంతకన్న ట్రాక్టరు, వాగు నీటి అంచు వరకు పోవుచున్నది. ఆ రెండు సాళ్ళ పత్తి ఇచ్చు డబ్బు కన్న దానితో పోవు మట్టి ఎక్కువ విలువైనదని మా అభిప్రాయము.

ఇంత చెప్పినను, తప్పునంతను రైతు మీద మోపుటకు మాకు మనసొప్పదు. 1992 ఆగస్టులో భాస్వరము, పొటాషియము ఎరువుల ధరలపై నియంత్రణ ఎత్తివేసి, యూరియా ధరను మాత్రము నియంత్రణలో నుంచిరి. నాటినుండి యూరియా చవుక, తక్కినవి ప్రియము. 45 కిలోల యూరియా బస్తా సుమారు 267 రూపాయలు, 50 కిలోల డి.ఎ.పి. బస్తా 1,350 రూపాయలు. ఏది ఎక్కువ చల్లబడునో చెప్పుటకు శాస్త్రము చదువనక్కరలేదు. మరియొక సంగతి. 2025 ఆగస్టులో తెలంగాణములో యూరియా కొరత ఏర్పడి, రైతులు దుకాణముల ముందు తెల్లవారక మునుపే బారులు తీరిరి. రెండు దినములు నిలిచి తెచ్చుకొన్న బస్తాను రైతు పైరు అడిగినప్పుడు గాక, చేతికి దొరికినప్పుడే చల్లును. మూడు భాగములుగా వేయుమని అతనికి ఉపదేశించు ముందు, మూడు మారులు వేళకు అందునట్లు చేయుట ఇతరుల బాధ్యత. పట్టణముల మురుగును శుద్ధి చేయక వాగులలోనికి విడుచు మనము, పల్లె రైతును మాత్రమే వేలెత్తి చూపుట న్యాయము కాదు.

కళాశాల చేయదగిన పని

కేంద్ర మండలి నివేదిక జిల్లాకు కొన్ని బావులను మాత్రమే చూచును. మన విద్యార్థుల ఊళ్ళు అనేకములు. ప్రతి ఊరిలోను ఇంటి బావియో, చేని బోరుబావియో కలదు. కుళాయి నీరు వచ్చినను చేనిలో కలుపు తీయు కూలీలు బోరు నీరే త్రాగుదురు, పశువులకు అవే నీళ్ళు. అందువలన పాలకవర్గము వారికి మేమొక విన్నపము చేయుచున్నాము.

రసాయనశాస్త్ర ప్రయోగశాలలో మనము చేయు గోధుమవర్ణ వలయ పరీక్ష నైట్రేటు ఉన్నదని మాత్రమే చెప్పును, ఎంత యున్నదో చెప్పదు. ఫినాల్ డైసల్ఫోనిక్ ఆమ్లముతో చేయు పరీక్ష చెప్పగలదు. నీటిని గిన్నెలో ఆవిరి చేసి, మిగిలిన పొడికి ఆ ఆమ్లమును, పిదప అమోనియాను చేర్చినచో పసుపు రంగు వచ్చును. రంగు ఎంత చిక్కనయైన నైట్రేటు అంత ఎక్కువ. క్లోరైడు అధికముగా నున్న నీటిలో ముందుగా దానిని సిల్వర్ సల్ఫేటుతో తొలగింపవలెను. రంగును కొలుచుటకు ఒక కలరీమీటరు చాలును. దానిని కొనుటకు అనుమతి లభించినచో, వేసవి సెలవులనుండి తిరిగివచ్చునప్పుడు ఒక సీసా, దసరా సెలవులనుండి తిరిగివచ్చునప్పుడు ఒక సీసా చొప్పున ప్రతి విద్యార్థి తన ఊరి నీటిని తేగలడు. ఒకటి వానకు ముందటిది, రెండవది వానకు తరువాతిది.

సీసాపై అతికింపవలసిన చీటీని మేము ముందుగానే తయారుచేసి యుంచితిమి. ఒక ప్రక్క తెలుగులోను, మరొక ప్రక్క ఉర్దూలోను వ్రాయవలసినవి ఇవి: ఊరి పేరు, బావి లోతు, పెంటదిబ్బ బావికి ఎన్ని అడుగుల దూరములో ఏ వైపున నున్నది, దగ్గరి చేనిలో ఏ పైరు, చివరి మారు యూరియా చల్లిన తేది, ఆ తరువాత మొదటి వాన పడిన తేది, ఆ నీటిని త్రాగువారిలో సంవత్సరము లోపు బిడ్డలు ఎందరు.